పాత డీజిల్ కారులో ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ నింపించే ముందు ఇవి చూసుకోండి

"ఏసీ చల్లగా రావట్లేదు" అనగానే చాలా షాపుల్లో బానెట్ కూడా ఎత్తకుండా వచ్చే జవాబు ఒకటే: "గ్యాస్ అయిపోయింది సార్, నింపేస్తాను." కారు ఏసీలో గ్యాస్ డీజిల్ లాంటిది కాదు, వాడితే అయిపోదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. పాత కారులో రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవడం మామూలే. నిరుడు వేసవిలో నింపిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే మాత్రం అది మామూలు కాదు. అసలు గ్యాస్ తగ్గనే లేదేమో కూడా!

నాది 2011 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. రెండేళ్ల కిందట మే నెలలో మూడు వారాల్లో రెండుసార్లు గ్యాస్ నింపించాను. నింపించిన సాయంత్రం కారులో వణుకు పుట్టేది, మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేడిగాలే. చివరికి తేలిన లోపానికీ గ్యాస్‌కీ సంబంధమే లేదు. ఆ కథ కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను. అప్పటి నుంచి నేను పాటిస్తున్న వరస ఇది: పైసా ఖర్చు లేనివి ముందు, గేజ్‌లు (గ్యాస్ ప్రెషర్ చూపే మీటర్లు) కావాల్సినవి తర్వాత, గ్యాస్ అన్నిటికన్నా ఆఖర్న. ఇండికా, పాత స్విఫ్ట్ డీజిల్, బొలెరో, ఇన్నోవా ఏదైనా పద్ధతి ఇంతే. భాగాలు ఉండే చోటు మాత్రం మారుతుంది.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు. ఇంజిన్ నడుస్తుండగా బానెట్ కింద చూడాల్సి వస్తుంది కాబట్టి హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆరుబయట ఆపుకోండి. కండువా, చున్నీ, వదులు చేతులున్న చొక్కా వద్దు. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా. ఏసీ పైపుల మీద ఉండే మూతలు తీసి పిన్ను నొక్కి "గ్యాస్ ఉందో లేదో" చూసే అలవాటు ఉంటే మానుకోండి. బుస్సుమని వచ్చే ఆ ద్రవం చర్మం మీద పడితే కాలినట్టే బొబ్బ లేస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు.

ముందు రోగ లక్షణం సరిగ్గా పట్టుకోండి

"చల్లగా లేదు" అంటే చాలదు. ఎప్పుడు చల్లగా లేదు? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడిగాలి, హైవే ఎక్కగానే చల్లగాలి వస్తే అది ఒక రోగం. పొద్దున బాగుండి మధ్యాహ్నం ఆగిపోతే ఇంకోటి. గంటసేపు బాగా వచ్చి, మెల్లగా గాలే తగ్గిపోతే మూడోది. ఒక కాగితం మీద రెండు మూడు రోజులు రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

వీలైతే పుల్లలాంటి చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. కారును నీడలో పెట్టి, అద్దాలు మూసి, బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్ బటన్ నొక్కి, బ్లోయర్ రెండో స్పీడులో ఉంచి, ఇంజిన్‌ని 1500 ఆర్‌పీఎం దగ్గర పట్టి పది నిమిషాలు నడపండి. థర్మామీటర్‌ను మధ్య వెంట్‌లో దూర్చండి. బయట 30 డిగ్రీలున్న రోజు 6 నుంచి 10 డిగ్రీలు చూపిస్తే మీ ఏసీకి ఏ జబ్బూ లేదు. బయట 42 ఉన్న రోజు 12, 13 వచ్చినా పాత బండికి బాగున్నట్టే. నాలుగు గంటలు ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే చల్లబడాలని చూస్తే కుదరదు. ముందు అద్దాలు దించి, రెండు నిమిషాలు నడిపి, లోపలి సెగ పోనిచ్చి అప్పుడు ఏసీ వేయండి. ఏసీ పాడైందని నాకు ఫోన్ చేసేవాళ్లలో కొందరికి ఈ ఒక్క చిట్కాతోనే సరిపోయింది.

1. లోపలి నుంచి మొదలుపెట్టండి

బ్లోయర్ నాలుగు స్పీడుల్లో తిప్పి చూడండి. ఆఖరి స్పీడులో మాత్రమే తిరిగి, మిగతా వాటిలో చప్పుడు లేకపోతే బ్లోయర్ రెసిస్టర్ పోయింది. చిన్న భాగం, ఎక్కువ కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. ఏ స్పీడులోనూ తిరగకపోతే ఫ్యూజ్, తర్వాత మోటారు చూడాలి.

చప్పుడు బాగా వస్తూ గాలి తక్కువగా ఉంటే ఏసీ ఫిల్టర్ తీయండి. గ్లవ్ బాక్స్ దించితే దొరుకుతుంది. నల్లగా, ఆకులతో, అప్పుడప్పుడూ ఎలుక పోగేసిన దూదితో సహా వస్తుంది. దులిపి మళ్లీ పెట్టకండి, మార్చండి. పాత మోడళ్లలో కొన్నిటికి ఫిల్టరే ఉండదు. అలాంటి కారులో పదేళ్ల దుమ్మంతా నేరుగా కూలింగ్ కాయిల్ (గాలిని చల్లబరిచే భాగం) మీద పేరుకుంటుంది. అప్పుడు కాయిల్ శుభ్రం చేయించక తప్పదు.

గాలి మొదట బాగుండి, అరగంటకో గంటకో సన్నబడి, ఏసీ ఆపి పది నిమిషాలు ఒట్టి బ్లోయర్ నడిపితే మళ్లీ బాగైతే, కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. గాలి వెళ్లే సందులన్నీ ఆ మంచుతో మూసుకుపోతున్నాయి. కాయిల్ దగ్గరుండే ఉష్ణోగ్రత సెన్సర్ కంప్రెసర్‌ని సమయానికి ఆపడం లేదని అర్థం. కాయిల్ దుమ్ము పట్టినా, గ్యాస్ కొంచెం తగ్గినా ఇదే జరుగుతుంది.

ఇక నీళ్లు. ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద నీళ్లు చుక్కలుగా పడటం ఆరోగ్య లక్షణం. ఆ నీళ్లు పక్క సీటులో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర కార్పెట్ మీద పడుతుంటే డ్రెయిన్ పైపు పూడుకుపోయింది. కింద నుంచి మెత్తటి తీగతో జాగ్రత్తగా కెలికితే సరిపోతుంది.

2. కంప్రెసర్ పట్టుకుంటోందా?

ఇంజిన్ నడుపుతూ బానెట్ ఎత్తండి. బెల్టుతో పాటు కంప్రెసర్ పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. పుల్లీ ముందు గుండ్రటి ప్లేటు ఒకటుంది. లోపల ఎవరినైనా ఏసీ బటన్ నొక్కమనండి. "టక్" మని చప్పుడై ఆ ప్లేటు కూడా పుల్లీతో పాటు తిరగాలి. అదే మాగ్నెటిక్ క్లచ్.

ప్లేటు కదలకపోతే ముందు ఏసీ ఫ్యూజ్, తర్వాత రిలే (స్విచ్‌లా పనిచేసే చిన్న డబ్బా) చూడండి. ఫ్యూజ్ బాక్స్‌లో అదే నంబరున్న రిలే ఇంకోటి, తరచుగా హారన్‌ది, ఉంటుంది. రెండూ అటూఇటూ మార్చి పెడితే రిలే సంగతి నిమిషంలో తేలిపోతుంది. అవి బాగుంటే ప్రెషర్ స్విచ్ అడ్డుకుంటూ ఉండొచ్చు. గ్యాస్ మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా అది కంప్రెసర్‌కి కరెంటు పోనివ్వదు. ఈ స్విచ్‌ని వైరుముక్కతో డైరెక్ట్ చేసి నడిపించే మహానుభావులున్నారు. కంప్రెసర్‌కి కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. గ్యాస్ లేకుండా తిప్పితే కంప్రెసర్ లోపల అరిగి పట్టేస్తుంది. ఆ ఇనప రజను కండెన్సర్ (రేడియేటర్ ముందుండి గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) దాకా పాకుతుంది. వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి వెళ్లేది ఇక్కడే.

ఇప్పుడు నా కారు కథ. రెండో గ్యాస్ కూడా "అయిపోయాక" విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఉదయం తొమ్మిదింటికి వెళ్తే చెయ్యి కూడా వేయలేదు. "మధ్యాహ్నం తిప్పి తిప్పి తీసుకురా బాబూ. చల్లగా ఉంటే రోగం కనపడదు" అని పంపేశాడు. రెండింటికి వెళ్లేసరికి సరిగ్గా ఏసీ ఆగిపోయి ఉంది. ఆయన కంప్రెసర్ వైపు కాసేపు చూసి, ఒక కర్రతో ఆ ముందు ప్లేటును కొంచెం లోపలికి నెట్టాడు. టక్! పట్టుకుంది, రెండు నిమిషాల్లో చల్లగాలి. (తిరిగే బెల్టు పక్కన కర్ర పెట్టడం ఆయన నలభై ఏళ్ల చేతి అలవాటు. మీరు చేయకండి.)

ఇంజిన్ ఆపి, ప్లేటుకీ పుల్లీకీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పరికరం) రేకులు ఒక్కొక్కటీ దూర్చి చూశాడు. ఎక్కువ కంప్రెసర్లకు ఆ సందు సుమారు 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. నాదాంట్లో 0.9 రేకు కూడా దూరింది. ఏళ్ల తరబడి అతుక్కుంటూ వదులుతూ ప్లేటు అరిగి సందు పెరిగింది. ఇంజిన్ వేడెక్కిన కొద్దీ క్లచ్ కాయిల్ రెసిస్టెన్స్ పెరిగి, అయస్కాంతం బలం తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో లాక్కునే ప్లేటును వేడిలో లాక్కోలేకపోతోంది. గ్యాస్ నింపిన రోజుల్లో కారు గంటన్నర షాపులో చల్లారింది కాబట్టి ఆ సాయంత్రం పనిచేసింది, అంతే! పెద్దాయన నడిమి బోల్టు విప్పి, ప్లేటు వెనకున్న పల్చటి వాషరు ఒకటి తీసేసి బిగించాడు. ఆ వాషరు ఇప్పటికీ నా డ్యాష్‌బోర్డ్ అరలో ఉంది.

మీ కారు కూడా "పొద్దున పనిచేస్తుంది, మధ్యాహ్నం ఆగిపోతుంది" రకమైతే గ్యాస్ మాటెత్తకుండా ఈ సందు కొలిపించండి. అలాగే మల్టీమీటర్‌తో క్లచ్ వైరు దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికి అర వోల్టు లోపు తేడా ఉంటే ఫర్వాలేదు, అంతకు మించితే ఎర్త్ వైరో, కనెక్టరో తుప్పు పట్టింది. క్లచ్ కాయిల్ రెసిస్టెన్స్ సాధారణంగా 3 నుంచి 5 ఓమ్‌ల మధ్య ఉంటుంది. మీటరు అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయినట్టు. ఏసీ ఆపి ఉన్నా పుల్లీ నుంచి గరగరమని శబ్దం వస్తే బేరింగ్ పోయింది. కాయిలైనా, బేరింగైనా విడిగా దొరుకుతాయి. "మొత్తం కంప్రెసరే మార్చాలి" అనగానే తలూపకండి.

3. డీజిల్ ఇంజిన్‌తో వచ్చే చిక్కులు

చిన్న డీజిల్ ఇంజిన్ మీద ఏసీ బరువు తక్కువేం కాదు. ఏసీ వేయగానే ఐడ్లింగ్ కొంచెం పెరగాలి. కంప్యూటర్ ఉన్న కామన్ రెయిల్ ఇంజిన్‌లో, అంటే స్విఫ్ట్, విస్టా, పుంటోల్లో వచ్చిన 1248 సీసీ ఇంజిన్ లాంటివాటిలో, ఈ పని కంప్యూటరే చూసుకుంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కినా, ఏదైనా సెన్సర్ తప్పు చెప్పినా అదే కంప్యూటర్ ఏసీని ఆపేస్తుంది కూడా. కాబట్టి ఏసీ దానంతటదే ఆగిపోతున్నప్పుడు మీటరులో టెంపరేచర్ ముల్లు ఎక్కడుందో చూడండి. ముల్లు పైకి పోతుంటే ఏసీ వదిలేసి ముందు కూలెంట్, థర్మోస్టాట్ సంగతి తేల్చుకోండి.

మెకానికల్ పంపు ఉన్న పాత డీజిళ్లలో వ్యవహారం వేరు. డీజిల్‌కి పెట్రోల్ ఇంజిన్‌లా మానిఫోల్డ్‌లో వాక్యూమ్ రాదు కాబట్టి వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది, చాలా బండ్లలో ఆల్టర్నేటర్ వెనకే. బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ అక్కడినుంచే. ఏసీ వేసినప్పుడు డీజిల్ పంపు లివర్‌ని కొంచెం లాగి ఐడ్లింగ్ పెంచే చిన్న డబ్బాకి కూడా అక్కడినుంచే. ఆ సన్నటి రబ్బరు గొట్టం ఎండి పగిలితే, ఏసీ వేయగానే బండి దడదడలాడి ఆగిపోబోతుంది. డ్రైవరు విసుగొచ్చి సిగ్నళ్ల దగ్గర ఏసీ ఆపేస్తుంటాడు. గొట్టం పీకి వేలు పెట్టి చూడండి, వేలును లాగాలి. బ్రేకు కూడా గట్టిగా అనిపిస్తోందంటే వాక్యూమ్ పంపు దగ్గరే లోపం. అది ఏసీ కన్నా ముందు చూడాల్సిన పని.

4. ఒక బకెట్ నీళ్ల పరీక్ష

ఆగినప్పుడు వేడి, నడిస్తే చల్లన. ఇది ఎక్కువగా ఫ్యాన్ లేదా కండెన్సర్ రోగం. ఏసీ వేశాక కాసేపట్లో ముందున్న ఫ్యాన్ తిరగాలి. రెండు స్పీడుల ఫ్యాన్ అయితే చిన్న స్పీడు రెసిస్టర్ కాలిపోవడం పాత కార్లలో మామూలే. ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ఊరుకోకండి, బ్రష్‌లు అరిగిన మోటారు నీరసంగా తిరుగుతుంది. రేడియేటర్ ముందు ఒక న్యూస్ పేపర్ పెట్టండి. గాలి లాగి దాన్ని పట్టుకోవాలి. జారి పడితే ఫ్యాన్‌లో దమ్ము లేదు.

తర్వాత మగ్గుతో గ్రిల్ ముందు నుంచి కండెన్సర్ మీద నిదానంగా నీళ్లు పోయండి. ఒక మనిషిని లోపల వెంట్ దగ్గర చెయ్యి పెట్టి కూర్చోమనండి. రెండు మూడు మగ్గులకే "ఆ, చల్లగా వస్తోంది" అని కేక వినిపిస్తే గ్యాస్ ఉన్నట్టే, కంప్రెసర్ కూడా పని చేస్తున్నట్టే. కండెన్సర్ వేడిని వదలలేకపోతోంది. నాకు తెలిసిన పరీక్షలన్నిట్లో ఇంత చవకది, ఇంత కచ్చితమైనది ఇంకోటి లేదు.

కారణం ఎక్కువగా మురికే. వరి కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్కనుంచి పోయే బండ్లకి పొట్టు, పత్తి తీతల కాలంలో గుంటూరు వైపు తిరిగేవాటికి దూది. పాత డీజిల్‌లో ఇంటర్‌కూలర్ గొట్టాల దగ్గర, బ్రీదర్ దగ్గర ఆయిల్ చెమ్మ కారుతుంటే ఆ దుమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుంది. పైకి కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. దానికీ రేడియేటర్‌కీ మధ్య సందులో కంబళి లాంటి పొర ఉంటుంది. టార్చ్ వేసి చూడండి. వాటర్ వాష్ గన్‌ను దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, సన్నటి రేకులన్నీ వంగి దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఇంట్లో మొక్కలకి పెట్టే పైపు ధార చాలు. వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టండి.

5. పైపులు ముట్టుకుని చూడండి

క్యాబిన్‌లోకి వెళ్లే గోడ దగ్గర రెండు అల్యూమినియం పైపులుంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. ఏసీ పది నిమిషాలు నడిచాక వాటిని ముట్టుకోండి. (కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్లే పైపును మాత్రం ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది.) లావుది చల్లగా చెమట పట్టి, సన్నది వెచ్చగా ఉండాలి.

లావు పైపు జిల్లుమంటున్నా లోపల గాలి గోరువెచ్చగానే ఉంటే ఏసీ నిక్షేపంగా ఉంది. డ్యాష్‌బోర్డ్ లోపలి రేకు హీటర్ వైపు తెరుచుకుపోయింది. వేడి-చల్లన నాబ్ తిప్పితే వైరు కదులుతోందా, క్లిప్పు ఊడిందా చూడండి. పది రూపాయల క్లిప్పు కోసం గ్యాస్ మార్చిన కారును నేను కళ్లారా చూశాను. రెండు పైపులూ దాదాపు ఒకే వేడిలో ఉంటే గ్యాస్ లేదు, లేదా కంప్రెసర్ తిరుగుతున్నా తోయడం లేదు. సన్నపైపు దారిలో ఒకచోట అటు వెచ్చగా, ఇటు చల్లగా ఉంటే అక్కడే అడ్డుంది. ఎక్కువగా అది డ్రైయర్ (గ్యాస్‌లోని తేమ పీల్చే డబ్బా) దగ్గర ఉంటుంది.

6. కారే చోటు వెతకండి

గ్యాస్ కారితే దానితో పాటు సన్నగా ఆయిల్ కూడా వస్తుంది. ఆ జిడ్డు మీద దుమ్ము అంటుకుని నల్ల మచ్చ అవుతుంది. రబ్బరు గొట్టం అల్యూమినియం పైపును కలిసే చోట్లు, కండెన్సర్ కింది మూలలు, కంప్రెసర్ ముందు భాగం, గ్యాస్ నింపే పిన్ వాల్వులు వెతకండి. సబ్బు నురగ రాసి ఐదు నిమిషాలు చూడండి, బుడగ మెల్లగా లేస్తుంది. అక్కడెక్కడా దొరక్కపోతే డ్యాష్‌బోర్డ్ లోపలి కూలింగ్ కాయిల్ మీద అనుమానం పెట్టుకోవాలి. అప్పుడు నైట్రోజన్‌తో ప్రెషర్ పట్టి చూడమనండి. టైరుకి గాలి కొట్టే కంప్రెసర్‌తో పట్టనివ్వకండి, అందులోని తేమ గొట్టాల్లోకి పోతుంది. ఆక్సిజన్ సిలిండర్ అయితే పేలే ప్రమాదం.

7. గేజ్‌లు, ఆఖర్న గ్యాస్

ఇక్కడినుంచి మెకానిక్ పని, కానీ పక్కన నిలబడి అంకెలు చదవడం మీ హక్కు. ఈ వయసు కార్లలో ఎక్కువగా ఉండేది ఆర్134ఏ గ్యాస్. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 35 డిగ్రీల ఎండలో రెండు ముళ్లూ సుమారు 110 పీఎస్‌ఐ దగ్గర ఉంటాయి. "చూడండి, ప్రెషర్ ఉంది, గ్యాస్ ఫుల్" అంటే నమ్మకండి. లోపల చుక్క ద్రవం మిగిలున్నా అంతే చూపిస్తుంది. నడుస్తున్నప్పటి అంకెలే లెక్క. 1500 ఆర్‌పీఎం దగ్గర, 35-40 డిగ్రీల రోజున చిన్న గేజ్ (లావు పైపు వైపు ప్రెషర్) 30-45, పెద్ద గేజ్ (సన్నపైపు వైపు ప్రెషర్) 200-280 పీఎస్‌ఐ మధ్య ఉంటే సరే.

రెండూ తక్కువ: గ్యాస్ తక్కువ.
రెండూ ఎక్కువ: గ్యాస్ ఎక్కువైంది, లేదా లోపల గాలి చేరింది, లేదా కండెన్సర్ వేడి వదలట్లేదు.
చిన్నది ఎక్కువ, పెద్దది తక్కువ: కంప్రెసర్ అరిగింది.
చిన్నది సున్నా వైపు పడిపోతుంటే: ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ని కొలిచి వదిలేది) దగ్గరో డ్రైయర్ దగ్గరో అడ్డు.

కారే చోటు బాగుచేశాకే గ్యాస్. గొట్టాలు విప్పితే అతుకుల్లోని రబ్బరు రింగులు (ఓ-రింగులు) కొత్తవి వేయాలి, డ్రైయర్ మార్చాలి. తర్వాత కనీసం అరగంట వాక్యూమ్, అంటే పంపుతో లోపలి గాలంతా లాగేయడం. పంపు ఆపి పదిహేను నిమిషాలు ముల్లు కదలకుండా ఉందో లేదో మీరే చూడండి. కదిలితే ఇంకా కారుతోంది. ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటా మీద సిలిండర్ పెట్టి తూకం ప్రకారం ఎక్కించమనండి. "పైపు చల్లబడేదాకా పడతాను" అనేవాళ్ల దగ్గర చేయించకండి. ఎక్కువ గ్యాస్ పడితే కూలింగ్ పెరగదు, తగ్గుతుంది. పాత గ్యాస్‌ని గాల్లోకి వదిలేయకుండా మెషీన్‌తో లాగి పెట్టుకునే షాపు దొరికితే రెండు వందలు ఎక్కువైనా అక్కడికే వెళ్లండి. ఆర్134ఏ భూమిని వేడెక్కించడంలో బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైనే.

పని అయ్యాక బానెట్ లోపల మాస్కింగ్ టేపు ముక్క అంటించి పెన్నుతో మూడు సంగతులు రాయండి: తారీఖు, ఎన్ని గ్రాముల గ్యాస్, ఏ ఆయిల్ ఎంత పోశారు. వచ్చే ఏడాదో ఆ పై ఏడాదో మళ్లీ గ్యాస్ తీయాల్సి వస్తే, బయటికి వచ్చినదాన్ని తూచి టేపు మీద అంకెతో పోల్చమనండి. టేపు మీద 450 గ్రాములని ఉండి 430 వస్తే గ్యాస్ సంగతి వదిలేసి మళ్లీ ఒకటో మెట్టు నుంచి వెతకండి. 200 వస్తే సబ్బు నురగ బయటికి తీయండి.